తొమ్మిది వందల అప్పు నుంచి పది లక్షల రుణం దాకా: చిన్న వ్యాపారానికిచ్చే డబ్బు ఎవరి ఆదాయాన్ని పెంచుతోంది?

తెల్లవారుజామున టోకు మార్కెట్లో కూరగాయల వేలం మొదలయ్యేసరికి చిల్లరగా అమ్ముకునేవారి చేతిలో రొక్కం ఉండాలి. లేనివారి కోసం మార్కెట్ గేటు దగ్గరే దినసరి ఫైనాన్స్ వాళ్లు ఉంటారు. పుస్తకంలో వెయ్యి రాసుకుని చేతికి తొమ్మిది వందలు ఇస్తారు. పొద్దు గూకేసరికి వెయ్యీ తిరిగి కట్టాలి. టమాటా, వంకాయ, నాలుగు రకాల ఆకుకూరలు తట్టలో పెట్టుకుని వీధులు తిరిగిన మనిషికి సాయంత్రానికి మూడు నాలుగు వందలు మిగిలితే, అందులో వంద ఈ అప్పుకే పోతుంది. నెలకు ఇరవై ఆరు రోజులు ఇలాగే గడిస్తే ఏడాదికి 31,200 రూపాయలు. ఇంతా చేసి ఏడాది పొడవునా ఆమె వాడుకున్నది మళ్లీ మళ్లీ అదే తొమ్మిది వందలు.

దీనికి ఒక మెట్టు పైన వంద రోజుల ఫైనాన్స్ ఉంది. పది వేలకు వెయ్యి ముందే కోసుకుని తొమ్మిది వేలు ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేసుకుంటారు. పైకి పది శాతం వడ్డీలాగే కనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తీరుస్తూ పోతారు కాబట్టి సగటున చేతిలో నిలిచేది అందులో సగమే. సరిగ్గా లెక్క కడితే ఏడాదికి 77 శాతం దాకా తేలుతుంది. ఊళ్లో మాట్లాడుకునే లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు ఆరు రూపాయల పైచిలుకు. ఇంకో మెట్టు పైన, తాకట్టు లేకుండా చిన్న మొత్తాలు ఇచ్చే మైక్రోఫైనాన్స్ సంస్థల అప్పు ఉంది, అది ఏడాదికి 24 శాతం అటూ ఇటూ. ఆ పైన బంగారం తాకట్టు, ఆ పైన బ్యాంకు. అందరికంటే పైన, తొమ్మిది పది శాతానికి కోట్లు తెచ్చుకోగల కంపెనీ.

భారతదేశంలో 2022-23లో జాతీయాదాయంలో 22.6 శాతం పైనున్న ఒక్క శాతం మందికే చేరిందని ఫ్రెంచ్ ఆర్థికవేత్త తోమా పికెట్టీ బృందం లెక్కగట్టింది. ఇటువంటి అంకెలు బయటికి వచ్చినప్పుడు జీతాల గురించి, భూముల గురించి, పన్నుల గురించి చర్చ జరుగుతుంది. డబ్బుకు ఎవరు ఎంత ధర చెల్లిస్తున్నారనే మాట మాత్రం అరుదుగా వినిపిస్తుంది. కూరగాయల తట్ట మోసే మనిషి రోజుకు చెల్లించే వడ్డీ శాతం, పెద్ద కంపెనీ ఏడాదికి చెల్లించే వడ్డీ శాతం కంటే ఎక్కువగా ఉన్న దేశంలో ఈ నిశ్శబ్దం సరైనది కాదు.

అప్పు ఇచ్చేవారి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పుకోవాలి. పది వేల అప్పును యాభై వారాల్లో వసూలు చేయాలంటే మనిషి యాభై సార్లు ఆ వీధికి వెళ్లాలి. పది లక్షల అప్పుకు కూడా దరఖాస్తు చూడటం, విచారించడం, సంతకాలు తీసుకోవడం దాదాపు అంతే పని. చిన్న మొత్తం మీద ఆ ఖర్చంతా పడేసరికి వడ్డీ పెరగక తప్పదు. అయితే దినసరి ఫైనాన్స్‌లో తొమ్మిది వందలకు రోజుకు వంద రూపాయలనేది ఖర్చుల లెక్కకు అందే ధర కాదు. ఆ గంటలో, ఆ గేటు దగ్గర, కాగితం అడగకుండా డబ్బిచ్చే మనిషి మరొకరు లేకపోవడానికి పెట్టిన ధర అది.

మరి చౌకగా అప్పు ఇస్తే తేడాలు తగ్గుతాయా? తగ్గాలనే నమ్మకం మీదే దేశంలో అర శతాబ్దపు విధానాలు నడిచాయి. ఆ నమ్మకంలో తర్కం ఉంది. ఒకే వీధిలో ఒకే పనితనం ఉన్న ఇద్దరు టైలర్లను ఊహించుకుందాం. ఒకరికి తండ్రి ఇచ్చిన డాబా ఇల్లు, దాని పత్రాలు ఉన్నాయి. రెండోవారు అద్దె గదిలో కుట్టుకుంటారు. ఓవర్‌లాక్ మిషను, పీకో మిషను కొంటే స్కూలు యూనిఫాంల ఆర్డరు పట్టవచ్చని ఇద్దరికీ తెలుసు. పత్రాలున్న టైలరు బ్యాంకులో వాటిని పెట్టి మిషన్లు తెచ్చుకుంటారు. అద్దె గదిలో ఉన్నవారు జాకెట్లు, ఫాల్స్ దగ్గరే ఆగిపోతారు. పదేళ్లకు ఇద్దరి ఆదాయాల మధ్య ఏర్పడే దూరం పనితనం వల్ల వచ్చింది కాదు, వారసత్వంగా వచ్చిన పత్రం వల్ల వచ్చింది. తాకట్టు లేకుండా ఇచ్చే అప్పు ఆ పత్రం విలువను తగ్గిస్తుంది కాబట్టి అసమానతను కూడా తగ్గించాలి.

దీనికి ఎదురుగా ఇంకో తర్కం నిలబడుతుంది. అప్పు దానంతట అది దేన్నీ పుట్టించదు. అప్పటికే ఉన్నదాన్ని పెంచుతుంది. గిరాకీ ఉన్న కొట్టుకు అప్పు ఇస్తే గిరాకీ పెరుగుతుంది. గిరాకీ లేని కొట్టుకు ఇస్తే వాయిదా మాత్రం పెరుగుతుంది. అందరికీ సమానంగా పంచిన అప్పు కొందరినే పైకి తీసుకువెళితే పేదల్లోనే కొత్త దూరాలు ఏర్పడతాయి.

ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చడానికి ప్రపంచంలో జరిగిన పెద్ద ప్రయత్నాల్లో ఒకటి హైదరాబాద్ బస్తీల్లోనే జరిగింది.

బస్తీల్లో తేలిన లెక్క

2005 ప్రాంతంలో స్పందన అనే మైక్రోఫైనాన్స్ సంస్థ హైదరాబాద్‌లో విస్తరిస్తున్నప్పుడు ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కినన్ 104 బస్తీలను ఎంచుకున్నారు. లాటరీ పద్ధతిలో 52 బస్తీల్లో ముందుగా శాఖలు తెరిచారు, మిగతా 52 బస్తీలు ఆగాయి. ఆరు నుంచి పది మంది మహిళలు ఒక గ్రూపు. ఒకరికొకరు పూచీ. మొదటి అప్పు పది వేలు, యాభై వారాల్లో తీర్చాలి.

ఏడాదిన్నర తర్వాత రెండు రకాల బస్తీలనూ పోల్చి చూశారు. అప్పు అందుబాటులోకి వచ్చిన చోట్ల ఇంట్లోకి మన్నికైన వస్తువులు కొనడం పెరిగింది. టీ, పొగాకు, బయటి తిండి మీద ఖర్చు కొంత తగ్గింది. అంటే జనం జాగ్రత్తగానే ఉన్నారు. అప్పు చేసి ఖర్చుపెట్టేస్తారని పేదల మీద వేసే నింద ఇక్కడ నిలబడలేదు. కానీ కుటుంబాల మొత్తం వినియోగం పెరగలేదు. కొత్తగా పెట్టిన వ్యాపారాలు చాలా చిన్నవి, వాటిలో లాభం అంతంతమాత్రం. అప్పటికే నడుస్తున్న వ్యాపారాల్లో, అందులోనూ అందరికంటే ఎక్కువ సంపాదిస్తున్న అతికొద్ది మందికి లాభాలు బాగా పెరిగాయి. మధ్యలో ఉన్న వ్యాపారికి చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. 2015లో ఈ ఫలితాలు అచ్చయినప్పుడు బోస్నియా, ఇథియోపియా, మెక్సికో, మంగోలియా, మొరాకోల్లో జరిగిన ఇటువంటి అధ్యయనాలు కూడా వాటి పక్కనే వెలువడ్డాయి. అన్నిటిలోనూ దాదాపు ఇదే కథ.

శాఖలు తెరిచిన ఆరేళ్లకు మళ్లీ అవే కుటుంబాలను కలిసినప్పుడు బొమ్మ ఇంకా స్పష్టపడింది. మైక్రోఫైనాన్స్ రాకముందే సొంతంగా వ్యాపారం పెట్టుకున్నవారి వ్యాపారాలు ఆరేళ్ల తర్వాత కూడా పెద్దగానే ఉన్నాయి. అప్పు వచ్చింది కదా అని వ్యాపారం మొదలుపెట్టినవారిలో మార్పు కనిపించలేదు. తేడా ఎక్కడో మనిషి తెలివిలో ఉందని తేల్చేయడం తప్పు. అప్పు లేని రోజుల్లోనే కొట్టు పెట్టగలిగినవారికి అప్పటికే ఒక గిరాకీ, ఒక చోటు, సరుకు అరువిచ్చే వ్యాపారి ఉన్నారు. అప్పు వాటికి తోడైంది.

దేశం మొత్తాన్ని చూస్తే ఇది ఎందుకు కీలకమో అర్థమవుతుంది. 2015-16 జాతీయ నమూనా సర్వే ప్రకారం వ్యవసాయం కాకుండా ఉన్న చిన్న సంస్థలు 6.34 కోట్లు. వాటిలో సుమారు 84 శాతం సంస్థల్లో స్థిరంగా కూలికి పెట్టుకున్న మనిషి ఒక్కరూ లేరు. యజమానే పనివారు, ఇంటివాళ్లే సాయం. ఇడ్లీ బండి, ఇస్త్రీ బల్ల, పంక్చర్ దుకాణం, ఇంటి ముందు గదిలో పచారీ కొట్టు. ఇందులో ఎక్కువమంది వ్యాపారం చేయాలని వచ్చినవారు కారు, ఉద్యోగం దొరక్క వచ్చినవారు. నెల జీతం పని దొరికితే రేపే బండి అమ్మేయడానికి సిద్ధంగా ఉన్నవారు. వీరికి వ్యాపార విస్తరణ పేరుతో అప్పు ఇస్తే ఆ డబ్బు పిల్లల ఫీజుకో ఆస్పత్రికో పాత అప్పుకో పోవడం సహజం. అందులో తప్పు లేదు. కష్టకాలంలో ఆదుకునే అప్పు కూడా అవసరమే. కానీ దాని పేరు వ్యాపార రుణం కాదు, దానివల్ల ఆదాయం పెరుగుతుందని లెక్కలు వేయకూడదు.

దినసరి వడ్డీ కట్టే చిరు వ్యాపారుల బాకీలను పూర్తిగా తీర్చేసి చూసిన ప్రయోగం కూడా ఒకటుంది. చెన్నైలోనూ ఫిలిప్పీన్స్‌లోనూ జరిగింది. ఆరు వారాల్లోనే చాలామంది మళ్లీ అదే ఫైనాన్స్ దగ్గరికి వెళ్లారు. రోజుకు వంద మిగిలే వీలు కొత్తగా వచ్చినా, ఒక జ్వరం, ఒక పెళ్లి, రెండు రోజుల వాన చాలు, ఆ తొమ్మిది వందల సొంత పెట్టుబడి కరిగిపోవడానికి. పేదవారి పెట్టుబడికీ ఇంటి ఖర్చుకూ మధ్య గోడ ఉండదు.

2010 అక్టోబరు

ఇంతవరకు చూస్తే చిన్న అప్పు అసమానతను తగ్గించే సాధనంగా చాలా బలహీనమైనదని అనిపిస్తుంది. ఆ అభిప్రాయాన్ని మార్చింది కూడా తెలుగు నేల మీద జరిగిన సంఘటనే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పొదుపు సంఘాల చరిత్ర పాతది. 1982లో డ్వాక్రా పథకం వచ్చింది. దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత తొంభైల్లో రోజుకు రూపాయి పొదుపుతో మహిళా సంఘాలు ఊరూరా అల్లుకున్నాయి. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపే కార్యక్రమం ప్రారంభించింది. 2004 తర్వాత పావలా వడ్డీ వచ్చింది. ఇలా సిద్ధంగా ఉన్న సంఘాల మీదికే ప్రైవేటు మైక్రోఫైనాన్స్ సంస్థలు కూడా వచ్చాయి. ఆ మహిళలకు వాయిదాలు కట్టే అలవాటు ఉంది, ఒకరికొకరు పూచీ ఉండే పద్ధతి తెలుసు. సంస్థలకు ఇంతకంటే మంచి నేల దొరకదు. 2010 నాటికి దేశంలోని మైక్రోఫైనాన్స్ రుణాల్లో దాదాపు నాలుగో వంతు ఈ ఒక్క రాష్ట్రంలోనే ఉంది. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పు ఇచ్చాయి. ఒకరి వాయిదా మరొకరి అప్పుతో తీరింది. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు సుమారు 50 శాఖలు మూయించినప్పుడే ప్రమాద ఘంటిక మోగింది. అది వినిపించుకున్నవారు తక్కువ.

2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్లు స్టాక్ మార్కెట్లోకి వచ్చాయి. ఇష్యూ విలువ 1,600 కోట్ల రూపాయల పైనే. అదే సమయంలో పల్లెల నుంచి వసూళ్ల వేధింపుల వార్తలు, ఆత్మహత్యల వార్తలు వస్తున్నాయి. వాయిదా కట్టలేని ఇంటి ముందు గ్రూపులోని మిగతా ఆడవాళ్లనే కూర్చోబెట్టేవారు. పూచీ అనే మాట పరువు మీద దాడిగా మారింది. అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, తర్వాత అది చట్టమైంది. సంస్థలు ప్రతి జిల్లాలో నమోదు కావాలి. ఇళ్లకు వెళ్లి వసూలు చేయకూడదు. వారం వాయిదాలు పోయి నెల వాయిదాలు రావాలి. వడ్డీ అసలును మించకూడదు. జనం ఒక్కసారిగా కట్టడం మానేశారు. అంతకుముందు 99 శాతం దాకా ఉన్న వసూళ్లు పది శాతం చుట్టుపక్కలకు పడిపోయాయి.

ఆ తర్వాతి కథే అసమానత గురించి అసలైన పాఠం చెబుతుంది, అది నడిచింది ఆంధ్రప్రదేశ్ బయట. ఇక్కడ డబ్బు ఇరుక్కుపోయిన సంస్థలకు బ్యాంకులు నిధులు ఆపేశాయి. దాంతో ఆ సంస్థలు తమిళనాడులోనో ఒడిశాలోనో మధ్యప్రదేశ్‌లోనో తమ శాఖల్లో కొత్త అప్పులు ఇవ్వలేకపోయాయి. అక్కడి జనం సక్రమంగా వాయిదాలు కడుతున్నారు, అక్కడ చట్టమూ మారలేదు, గొడవా జరగలేదు. కేవలం తమ ఊళ్లో పనిచేసే సంస్థకు ఆంధ్రప్రదేశ్‌లో ఎంత డబ్బు ఇరుక్కుంది అన్నదాన్ని బట్టి ఒక జిల్లాలో అప్పు ఎండిపోయింది, పక్క జిల్లాలో కొనసాగింది. ఆర్థికవేత్తలు ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ ఈ తేడాను ఆధారం చేసుకుని లెక్కలు తీశారు. అప్పు ఎండిపోయిన జిల్లాల్లో దినసరి కూలి తగ్గింది. కూలి పని దొరికే రోజులూ తగ్గాయి, ఇంటి ఖర్చులూ తగ్గాయి. ఊళ్లోనే చేసి ఊళ్లోనే అమ్ముకునే పనుల్లో ఈ దెబ్బ ఎక్కువగా తగిలింది.

ఈ కూలి మనుషుల్లో చాలామంది ఏ గ్రూపులోనూ లేరు, ఏ అప్పు పుస్తకంలోనూ వారి పేరు లేదు. ఎవరో అప్పు తెచ్చి గది వేసుకుంటే వీరికి తాపీ పని దొరికేది. ఎవరో బియ్యం మిల్లుకు మిషను తెస్తే వీరికి బస్తాలు మోసే పని దొరికేది. టిఫిన్ బండికి గిరాకీ పెరిగితే గిన్నెలు కడిగే మనిషి కావలసి వచ్చేది. హైదరాబాద్ ప్రయోగం అప్పు తీసుకునే బస్తీని, ఆగిన బస్తీని పోల్చింది. నగరమంతా ఒకటే కూలి మార్కెట్ అయిన చోట ఈ ప్రభావం ఆ పోలికకు చిక్కదు. అప్పు ఆగిపోయినప్పుడు తెలిసింది, దాని ప్రయోజనం ఎంత దూరం పాకిందో. థాయిలాండ్‌లో 2001 నుంచి దాదాపు 77 వేల గ్రామాలకు తలా పది లక్షల బాట్ల నిధి ఇచ్చినప్పుడు కూడా కూలి రేట్లు పెరిగాయని పరిశోధకులు గమనించారు.

ఈ రెండు ఫలితాలను కలిపి చూడాలి. అప్పు తీసుకున్న సగటు మనిషికి దక్కింది తక్కువ. బాగా నడుస్తున్న కొద్ది వ్యాపారాలకు దక్కింది ఎక్కువ. కానీ ఆ కొద్ది వ్యాపారాలు మనిషిని పనికి పెట్టుకున్న చోట, అందరికంటే అడుగున ఉన్న కూలికి కూడా వాటా దక్కింది. కాబట్టి అసమానత లెక్కలో చూడవలసింది ఎన్ని ఖాతాలకు అప్పు చేరిందని కాదు. అప్పు పొందిన వ్యాపారం ఇంటివాళ్ల చేతుల దగ్గరే ఆగిందా, బయటి మనిషికి జీతమిచ్చే దశకు చేరిందా అని.

గేదె ఎండుతుంది, వాయిదా ఎండదు

ఆ దశకు చేరకుండా ఆపేవి చాలా ఉన్నాయి. వాటిలో వాయిదా పద్ధతి ఒకటి, దీనికి దక్కవలసినంత శ్రద్ధ దక్కలేదు.

పాడి గేదె కోసం అప్పు తీసుకున్న ఇంటిని దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. ఈనిన తర్వాత ఏడెనిమిది నెలలు, బాగా మేపితే పది నెలలు పాలిస్తుంది. ఆ తర్వాత ఒట్టిపోతుంది. మళ్లీ ఈనేదాకా నెలల తరబడి మేత ఖర్చే తప్ప రాబడి లేదు. వారం వాయిదా మాత్రం అప్పు చేతికి వచ్చిన పక్క వారం నుంచే మొదలై, గేదె ఒట్టిపోయిన రోజుల్లోనూ ఆగదు. ఆ వాయిదా కోసం మరో చోట అప్పు చేస్తారు, లేదా కూలికి వెళతారు, లేదా గేదెనే అమ్మేస్తారు. మగ్గం పెట్టుకునేవారికీ ఇంతే. నూలు తేవడం, సాగదీయడం, నేయడం, చీర అమ్ముడుపోవడం, డబ్బు చేతికి రావడం అన్నీ అయ్యేసరికి నెల దాటుతుంది. వారం వారం డబ్బు తిరిగే పని ఏదంటే సరుకు కొని మారుబేరం చేయడమే. అందుకే మైక్రోఫైనాన్స్ అప్పులు జనాన్ని చిల్లర వ్యాపారం వైపు నెట్టాయి, వస్తువు తయారుచేసే పని వైపు కాదు. ఒకే వీధిలో ఐదో పచారీ కొట్టు పుట్టినప్పుడు మొదటి నాలుగు కొట్ల లాభమే ఐదుగా చీలుతుంది.

కోల్‌కతాలో ఒక ప్రయోగంలో కొందరికి మొదటి వాయిదాకు రెండు వారాలకు బదులు రెండు నెలలు గడువిచ్చారు. మూడేళ్ల తర్వాత చూస్తే గడువు దొరికినవారి లాభాలు బాగా ఎక్కువగా ఉన్నాయి. ఎగవేతలు కూడా పెరిగాయి. ఇదే చిక్కు. వారం వాయిదా ఇచ్చేవారికి భద్రత, తీసుకునేవారికి సంకెల. ఇచ్చినవారి నష్టాన్ని కొంతైనా భరించే ఏర్పాటు లేకుండా ఏ సంస్థా తనంతట తాను గడువు పెంచదు. ప్రభుత్వం వడ్డీ రాయితీకి పెట్టే డబ్బులో ఒక భాగం ఈ నష్టభయాన్ని మోయడానికి పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది. వడ్డీ సున్నా అయినా వాయిదా తప్పుడు రోజున పడితే ఆ అప్పు పెట్టుబడిగా మారలేదు.

ఇంట్లోపలి అసమానత కూడా ఇక్కడే కనిపిస్తుంది. అప్పు ఆమె పేరున, వాయిదా బాధ్యత ఆమెది, మీటింగులో కూర్చునేది ఆమె. డబ్బు తరచూ భర్త వ్యాపారంలోకి వెళుతుంది. శ్రీలంకలో చిన్న వ్యాపారులకు ఉచితంగా పది, ఇరవై వేల రూపాయల పెట్టుబడి ఇచ్చి చూస్తే మగవారి వ్యాపారాల్లో నెలకు ఐదు శాతానికి పైగా రాబడి కనిపించింది, ఆడవారి వ్యాపారాల్లో ఏమీ కనిపించలేదు. ఆడవారికి వ్యాపారం చేతకాదని దీన్ని చదివినవారూ ఉన్నారు. తర్వాత అవే లెక్కలను భారత్, ఘనా లెక్కలతో కలిపి ఇంటి మొత్తంగా చూసినప్పుడు అసలు విషయం బయటపడింది. ఇంట్లో మరో వ్యాపారం ఉంటే ఆమెకిచ్చిన డబ్బు అటు వెళ్లిపోతోంది. ఆమెది ఒక్కటే వ్యాపారమైన ఇళ్లలో రాబడి మగవారికి తీసిపోలేదు.

నిచ్చెనలో విరిగిన మెట్లు

అద్దె గదిలోని టైలరు దగ్గరికి మళ్లీ వద్దాం. ఆమె సంఘం ద్వారా యాభై వేలు తెచ్చుకుంది, తీర్చింది, మళ్లీ తెచ్చుకుంది. ఇప్పుడు యూనిఫాంల ఆర్డరుకు నాలుగు మిషన్లు, గుడ్డ, ఇద్దరు పనివారి మూడు నెలల జీతం కావాలి. నాలుగైదు లక్షలు. సంఘంలో అంత రాదు. మైక్రోఫైనాన్స్ సంస్థ అంత ఇవ్వదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు పది లక్షల వరకు రుణానికి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు 2010లోనే చెప్పింది. అయినా బ్యాంకు గుమ్మం ఎక్కినవారికి తాకట్టు సంగతి ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంటుంది. ఆమె పదేళ్లు సంఘంలో ఒక్క వాయిదా తప్పకుండా కట్టిన చరిత్ర ఈ గుమ్మం దగ్గర పెద్దగా పనికిరాదు. సంఘం పేరున ఉన్న అప్పులో ఆమె విడిగా కనిపించదు.

2015 ఏప్రిల్లో వచ్చిన ముద్ర యోజన ఈ ఖాళీ కోసమే అన్నారు. మొదలైనప్పుడు యాభై వేల లోపు శిశు, ఐదు లక్షల లోపు కిశోర్, పది లక్షల లోపు తరుణ్. పేర్లే చెబుతున్నాయి, ఒకదాని నుంచి మరొకదానికి ఎదగాలని. మొదటి ఏడాది ఖాతాల్లో తొంభై శాతానికి పైగా శిశు రుణాలే. తర్వాతి ఏళ్లలో కిశోర్ వాటా పెరిగింది, అది మంచిదే. కానీ శిశు తీసుకున్న మనిషే ఎదిగి కిశోర్ తీసుకుంటున్నారా, లేక అప్పటికే ఎదిగినవారు నేరుగా కిశోర్‌లో చేరుతున్నారా అన్నదే తేల్చవలసిన ప్రశ్న. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి ఈ విషయంలో కొంత మెరుగైన ఆలోచన. 2025 దాకా వీధి వ్యాపారికి మొదట పది వేలు, అది తీరిస్తే ఇరవై వేలు, అదీ తీరిస్తే యాభై వేలు ఇచ్చేవారు; ఆ ఏడాది మొదటి రెండు మొత్తాలు పెరిగాయి. ముందు మెట్టు ఎక్కినందుకే తర్వాతి మెట్టు దక్కుతుంది. యాభై వేల తర్వాత మళ్లీ గోడే.

కష్టకాలం వచ్చినప్పుడు ఈ తేడా ఇంకా పెరుగుతుంది. 2020 మేలో కోవిడ్ దెబ్బ తిన్న చిన్న పరిశ్రమలకు కేంద్రం మూడు లక్షల కోట్ల అత్యవసర రుణ హామీ ప్రకటించింది. ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఎంత బాకీ ఉంటే అందులో 20 శాతం అదనంగా ఇచ్చారు. ఎన్నో సంస్థలు మూతపడకుండా అది కాపాడింది. అయితే బాకీ ఉన్నవారికే హామీ. బ్యాంకు అప్పే ఎప్పుడూ దొరకనివారికి ఇరవై శాతం అంటే సున్నాలో ఇరవై శాతం. అప్పుల ప్రపంచం లోపల ఉన్నవారికీ బయట ఉన్నవారికీ మధ్య దూరం ఒక్క నిబంధనతో పెరిగింది.

చిన్న వ్యాపారులే పెద్దవారికి అప్పు ఇస్తున్న సంగతి కూడా ఈ లెక్కలో చేరాలి. చిన్న యూనిట్ సరుకు పంపుతుంది, పెద్ద కంపెనీయో ప్రభుత్వ శాఖో నాలుగు నెలలు ఆగి బిల్లు చెల్లిస్తుంది. ఆ నాలుగు నెలలు చిన్న యూనిట్ నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి జీతాలిస్తుంది. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం 45 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీతో కట్టాలి. కానీ ఫిర్యాదు చేస్తే మరుసటి ఆర్డరు పోతుందనే భయం చట్టం కంటే బలమైనది. తొమ్మిది శాతానికి డబ్బు దొరికేవారు ముప్పై శాతానికి తెచ్చుకునేవారి దగ్గర వడ్డీ లేకుండా వాడుకోవడమే ఇది. ఈ బిల్లులు వేళకు చెల్లిస్తే కొత్త రుణ పథకం ప్రకటించకుండానే వేల యూనిట్లకు పెట్టుబడి దొరుకుతుంది.

బ్యాంకులను వాటి ఇష్టానికి వదిలితే డబ్బున్న వీధులకే వెళతాయని ఈ దేశానికి అనుభవపూర్వకంగా తెలుసు. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేశాక, 1977లో రిజర్వ్ బ్యాంకు ఒక షరతు పెట్టింది. బ్యాంకు ఉన్న చోట ఒక కొత్త శాఖ తెరవాలంటే బ్యాంకు లేని నాలుగు చోట్ల తెరవాలి. 1990 వరకు ఇది సాగింది. పల్లెల్లో శాఖలు ఎక్కువగా పెరిగిన రాష్ట్రాల్లో గ్రామీణ పేదరికం వేగంగా తగ్గిందని ఆర్థికవేత్తలు రాబిన్ బర్జెస్, రోహిణి పాండే 2005లో చూపించారు. ఆ రోజుల్లో మొండి బకాయిలు కూడా పేరుకుపోయాయి, ఆ ఖర్చు చిన్నది కాదు. అయినా ఇప్పుడు ఫోనులో క్షణాల్లో అప్పు దొరుకుతున్న రోజుల్లో ఆ షరతు వెనుక ఉన్న ఆలోచన పాతబడలేదు. యాప్ అప్పు పది వేల అవసరం తీరుస్తుంది. నాలుగు లక్షల అవసరం తీరాలంటే ఆ టైలరు గదికి వచ్చి, ఆర్డరు కాగితం చూసి, స్కూలువారితో మాట్లాడి, సంతకం పెట్టగల అధికారం ఉన్న మనిషి ఆ ఊళ్లో ఉండాలి.

2010 సంక్షోభం తర్వాత నిబంధనలు చాలాసార్లు మారాయి. రిజర్వ్ బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ సిఫార్సులతో వడ్డీకి పరిమితులు వచ్చాయి. 2022లో రిజర్వ్ బ్యాంకు వాటిని ఎత్తేసి, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబం అన్ని అప్పులకూ కలిపి కట్టే వాయిదాలు నెల ఆదాయంలో సగం దాటకూడదని చెప్పింది. రిజర్వ్ బ్యాంకు నియంత్రణలోని సంస్థలకు ఆంధ్రప్రదేశ్ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పిచ్చింది. 2025లో వేధింపుల మీద కర్ణాటక కొత్త ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. పదిహేనేళ్ల తర్వాత అదే వీధి, అదే వాయిదా, అదే గొడవ. సగం ఆదాయం వాయిదాకు పోయే ఇంట్లో పెట్టుబడికి మిగిలేది ఏమిటన్న ప్రశ్న అలాగే ఉంది.

రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ సమావేశాల నివేదికల్లో ఎన్ని ఖాతాలు, ఎన్ని కోట్లు, లక్ష్యంలో ఎంత శాతం, మొండి బకాయిలు ఎంత అనే పట్టికలు పేజీలకు పేజీలు ఉంటాయి. రుణం ఇచ్చిన రోజున ఆ వ్యాపారంలో ఎంతమంది పనిచేస్తున్నారు, రెండేళ్ల తర్వాత ఎంతమంది పనిచేస్తున్నారు, వారికి రోజుకు ఎంత ఇస్తున్నారు అనే గడులు ఆ పట్టికల్లో చేర్చడం కష్టమైన పని కాదు. చిన్న పరిశ్రమల ఉద్యమ్ నమోదు పత్రంలో పనివారి సంఖ్య ఇప్పటికే అడుగుతున్నారు. దాన్ని రుణ ఖాతాతో కలిపి ఏటా చూస్తే చాలు, టైలరు గదిలో కొత్తగా వచ్చి రెండో మిషను ముందు కూర్చున్న అమ్మాయి కూడా లెక్కలోకి వస్తుంది.